బతికున్నోళ్ళ పరామర్శ

మా బాపుకు నడవమని చెప్పడం కన్నా గోడకు చెప్పుకోవడం నయం. గోడ ఎదురు మాట్లాడదు. బాపు మాట్లాడతాడు, పైగా లాజిక్కుతో మాట్లాడతాడు. ఆ లాజిక్కు ఏ సందులో మొదలై ఏ సందులో తేలుతుందో కనిపెట్టడానికి నాకు సగం జీవితం పట్టింది.

బాపుకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. వరంగల్ కొత్తవాడలో బతుకంతా జంపఖానాలు నేసిన మనిషి. ఏ ఎరుపు పక్కన ఏ పచ్చ పెడితే చూడబుద్ధవుతుందో ఆయనను అడిగి మిగతావాళ్ళు మగ్గం మీద కూర్చునేవారు. అలాంటి మనిషికి ఎరుపూ పచ్చా ఒకటే మసకైపోయాయి. గొంతు వింటేనే మనిషిని గుర్తుపట్టడం, లేకపోతే లేదు. ఒకరోజు గుమ్మం ముందు దించిన గ్యాస్ సిలిండర్‌ను చూసి "ఎవలు? గట్ల నిలవడ్డవేంది, లోపలికి రా" అన్నాడు. నేను నవ్వాను. వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపికగా చూసింది. ఆపరేషన్ చిన్నదేననీ, ముందు ఒక కన్ను, కొన్నాళ్ళాగి రెండోదీ చేస్తాననీ చెప్పింది. ఐతే షుగర్ బాగా ఎక్కువుంది, అది దిగితే తప్ప కత్తి పట్టనంది. మందులు మానకుండా వేసుకోవాలి, తిండి చూసుకోవాలి, రోజూ పొద్దున నడవాలి, పాదాలు శుభ్రంగా కడుక్కుని పుండ్లేమన్నా ఉన్నాయేమో చూసుకోవాలి. ఆలస్యం చేసేకొద్దీ చూపు ఇంకా మందగిస్తుందని నాతో వేరుగా చెప్పింది.

బాపు అంతా విని "జబ్బు కండ్లకైతే మందు కాళ్ళకేందమ్మా?" అని అడిగాడు.

డాక్టరమ్మ నవ్వింది. ఆమెకు నవ్వు వచ్చింది గానీ, ఇంటికి తీసుకుపోవలసింది నేను కదా.

మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. డ్యూటీకి పొద్దూ మాపూ లేదు. పిల్లలు కాలేజీలకు వచ్చారు. మేం ఉండేది అమ్మా బాపుల పక్క సందులోనే. అందుకని పొద్దున్నే బాపు చెయ్యి పట్టుకుని నడిపించే పని నాది అని నేనే తీర్మానించాను. బాపును ఎవరూ అడగలేదు. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. అడగకపోయినా అన్నాడు.

"నేను నడిచినంత ఎవడు నడిచిండే? మగ్గం గుంతల కాళ్ళు వెట్టి, తొక్కుడు చెక్కలు తొక్కీ తొక్కీ, కూసున్న కాడనే కాశి దాక పోయొచ్చిన. ఇగ నావల్ల గాదు. నా వంతు నడక ఐపోయింది."

"అప్పుడు నడిచింది అప్పటి షుగర్‌కు బాపూ. ఇప్పటి షుగర్‌కు ఇప్పుడు నడవాలె."

"షుగర్ కంపెనీ ఏమన్న నీదా?"

ఇదీ మా బాపు. అమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నీకు పని లేక చెప్తానవ్, ఆయనకు పని లేక ఇంటాండు" అంది.

మొదటి రోజు బలవంతంగా బయలుదేరదీశాను. సందు మలుపు కూడా తిరగలేదు, ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ "ఏడికే పొద్దుగాల?" అన్నాడు. బాపు ఆగిపోయాడు. నాలుగడుగులు వేశామో లేదో పాలు పట్టుకొస్తున్న ఆమె "ఏడికి తోలుకపోతానవ్ మీ బాపును? దవాఖానకా?" అని అడిగింది. ఇంకొకాయన స్కూటర్ ఆపి మరీ అడిగాడు. మా వాడకట్టులో అది పలకరింపు. నడుస్తున్న మనిషి ఎక్కడికో పోతూ ఉండాలి. ఎక్కడికీ పోకుండా నడిచేవాణ్ణి చూస్తే ఇంట్లో కొట్లాడి వచ్చాడనో, మతి చెడిందనో అనుకుంటారు. హన్మకొండ వైపు బూట్లేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని నడిచేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళను ఎవరూ ఏడికని అడగరు. బాపు లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని పోతున్నాడు. అడగకుండా ఎట్లా ఉంటారు?

"ఉత్తగనే, నడుస్తానం" అన్నాను నేను.

"ఉత్తగనా?" అన్నాడు స్కూటరాయన. బాపు వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలి కనబడేంత చూపు బాపుకు లేదు గానీ గొంతులో వినబడింది. చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుని ఇంటిదారి పట్టాడు. నేను వెనక నుంచి అరిచాను. ఏం అరిచానో రాయను, అమ్మ విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాతి వారంలో ఒకరోజు పోయేసరికి బాపు చెప్పులేసుకుని కూర్చున్నాడు. తనే చెయ్యి చాపాడు. నాకు అనుమానం వచ్చింది. మలుపు దగ్గర ఎవరో యథాప్రకారం "ఏడికే?" అన్నారు. బాపు తల కొంచెం వంచి "పరామర్శకు" అన్నాడు.

అవతలి మనిషి గొంతు టక్కున తగ్గింది. "అయ్యో, పో పో" అని పక్కకు తప్పుకున్నాడు. ఆటోవాడు ఇంజను తగ్గించాడు. చావుకు పోయేవాణ్ణి మా దగ్గర ఎవరూ ఆపరు, పిలవరు. పోచమ్మ మైదాన్ దాకా పోయి వచ్చాం. ఒక్కరు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి బాపు ఒళ్ళంతా సంబరంతో మంచం మీద కూర్చున్నాడు.

"చూసినవా? ఎవడన్న మారుమాట అన్నడా?"

"అబద్ధం బాపూ అది. అపశకునం."

"ఎవలు సచ్చిండ్రని పేరు చెప్పలే గద. ఈ దేశంల ఎవడో ఒకడు సచ్చే ఉంటడు."

నాకు కావలసింది నడక. అది దొరికింది. ఏ పేరు మీద దొరికితే ఏం?

ఐతే మా వాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? నాలుగు రోజులకు "ఎవలది?" అని మొదలైంది. బాపు తడుముకోకుండా "మరిపెడల మా సడ్డకుడు" అన్నాడు, తోడల్లుడన్నమాట.

"మరిపెడకు నడుసుకుంట పోతానవా?"

"బస్టాండు దాక" అన్నాడు బాపు. మర్నాడు అదే మనిషి అదే చోట ఎదురై, మరిపెడ పోయినవాడు ఇక్కడేం చేస్తున్నాడని అడిగాడు. దాంతో దూరపు చావులు పనికిరావని బాపు తెలుసుకున్నాడు. దగ్గరి చావు కావాలి, నడిచిపోయేంత దూరంలో ఉండాలి, కొత్తదై ఉండాలి. మా అదృష్టమో దురదృష్టమో, ఆ నెల మా వాడకట్టులో ఎవరూ చావలేదు.

మూలమీది ఇంట్లో మామ ఉంటాడు. సొంత మామ కాదు. బాపుతో పాటు చిన్నప్పటి నుంచీ మగ్గం పని చేసినాయన. ఇద్దరూ బావా బావా అనుకుంటారు, అందుకని నాకు మామ. ఒకరినొకరు తిట్టుకోకుండా వాళ్ళకు తెల్లారదు. ఆ రోజు మేం పోతుంటే ఆయన తన ఇంటి ముందు కాకుండా నాలుగిళ్ళ అవతల ఒక అరుగు మీద కూర్చున్నాడు. నోటి నిండా వేపపుల్ల. ఆ పుల్లతోనే "ఏడికి?" అన్నాడు. గొంతు గొంతులా లేదు.

"పరామర్శకు" అన్నాడు బాపు.

"ఎవలువోయిండ్రు?"

"గా మూలమీది ఇంట్ల మా బావ. రాత్రే పోయిండు, పాపం."

నేను బాపు చెయ్యి గట్టిగా గిచ్చాను. దాన్ని ఆయన మెచ్చుకోలు అనుకున్నాడు.

"మంచోడే" అని కొనసాగించాడు. "గాని జర పిసినారి. చాయ్ పోస్తె గిలాసల సగమే పోసేటోడు. ఇగ పోయినోని గురించి మనకెందుకు తియ్."

వేపపుల్ల బయటికి వచ్చింది. "నేను పిసినారినారా?" అన్నాడు మామ.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మామ లేచాడు. కొడతాడనుకున్నాను. పుల్ల పారేసి, మూతి తుడుచుకుని, కొంచెంసేపు బాపు ముఖంలోకి చూశాడు. బాపు మాత్రం పక్కనున్న కరెంటు స్తంభంకేసి చూస్తూ "బావా, తప్పయింది" అన్నాడు. అప్పుడు మామకు నవ్వొచ్చింది. స్తంభానికి క్షమాపణ చెప్పుకుంటున్న మనిషి మీద ఎంతసేపని కోపం ఉంటుంది?

"నడువ్. నేను గూడ వస్త. నా పరామర్శకు నేనే రాకపోతె మంచిగుండది."

ముగ్గురం మామ ఇంటికి చుట్టుదారిన బయలుదేరాం. దారిలో అడిగిన ప్రతివాడికీ మామే సమాధానం చెప్పాడు. "నేను సచ్చిపోయిన. సూడ పోతానం."

మామ ఇంటి పక్కన ఒక ముసలామె ఉంటుంది. వాడకట్టుకంతా అవ్వ. పెళ్ళికీ, పేరంటానికీ, చావుకీ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆమె చెప్పిందే చట్టం. సంగతి విని ముక్కున వేలేసుకుంటుందనుకున్నాం. ఆమె మామను తేరిపార చూసి, "పోనీ తియ్, నీకు గండం పోయింది" అంది. "బతికున్నోడు సచ్చిండని మాట పుడితె ఆయుష్షు పెరుగుతది. ఇగ నీకు నూరేండ్లు ఢోకా లేదు."

ఆ మాట మామ మీద పనిచేసింది. మూడు నెలలుగా ఉన్న నడుం నొప్పి ఆ వారంలో పోయిందని అందరికీ చెప్పుకున్నాడు. మాతోపాటు రోజూ నడుస్తున్నాడు కాబట్టి పోయి ఉంటుందని నేనన్నాను. నా మాట ఎవరు వింటారు? చావడం వల్లనే పోయిందని వాడకట్టు తేల్చేసింది. ఇంకేముంది, ముసలివాళ్ళంతా బాపు దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

"రేపు జర నా పేరు చెప్పురాదె" అని ఒకాయన.

"నాకు మోకాళ్ళు గుంజుతానయి, ఈ ఐతారం నన్ను సంపరాదు బిడ్డా" అని అవ్వ స్వయంగా.

అలా జరిగింది. పొద్దున్నే బాపు ముందు, నేను చెయ్యి పట్టుకుని పక్కన, మామ, అవ్వ, ఇంకో నలుగురైదుగురు ముసలివాళ్ళు వెనక. ఆ రోజు ఎవరి వంతు ఐతే వాళ్ళింటికి. వంతు వచ్చినాయన ముందే ఇంటికి పోయి, ఉతికిన బట్టలు కట్టుకుని మంచం మీద కూర్చునేవాడు. మేం పోయి చుట్టూ కూర్చుని, ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పుకునేవాళ్ళం. ఆయన వింటూ మధ్యలో "గది గూడ చెప్పుండ్రి" అని అందించేవాడు. మంగళవారం, శుక్రవారం పరామర్శకు పోవద్దు కదా అని ఒకాయన గొణిగితే, "సచ్చినోళ్ళకు వారాలు గాని బతికున్నోళ్ళకెందుకు?" అని అవ్వ తీర్పు చెప్పింది. నడక ఒక్క రోజు ఆగలేదు. నేను నా తెలివికి నేనే మురిసిపోయాను, నిజానికి అందులో నా తెలివి ఏమీ లేకపోయినా.

కొన్నాళ్ళకు షుగర్ పరీక్ష చేయించాం. పెరిగింది.

డాక్టరమ్మ కాగితం చూసి నా వైపు చూసింది. "నడుస్తున్నారా?"

"రోజూ నడుస్తున్నడు మేడం."

"మరి ఇదేంటి? ఇట్లయితే నేను ఆపరేషన్ చెయ్యలేనమ్మా."

ఏం చెప్పను? ఆయుష్షు పెరిగిందన్న సంతోషంలో ప్రతి ఇంటివాళ్ళూ మాకు చాయ్ పోస్తున్నారని చెప్పనా? మామ ఐతే పిసినారి అన్న మాట చెరుపుకోవడానికి గిలాస నిండా పోసి, పైన ఇంకో చెంచా చక్కెర వేశాడని చెప్పనా? సకినాలు పెట్టినవాళ్ళున్నారు. అవ్వ తన చావుకు జిలేబీ తెప్పించింది. మా బాపు నడిచి కరిగించినదంతా ఆ ఇళ్ళల్లో కూర్చుని మళ్ళీ నింపుకుంటున్నాడు. ఇది చాలదన్నట్టు ఇంట్లో మేడారం బెల్లం ఒకటి. సమ్మక్క సారలమ్మ జాతరలో దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. అమ్మ భక్తిగా దాచిపెట్టిన ఆ ముద్దను బాపు కళ్ళు కనబడకపోయినా వాసన పట్టుకుని పోయి గిల్లుకుని తింటున్నాడు. అడిగితే "బెల్లం తింటె షుగర్ వస్తది. బంగారం తింటె ఎట్లస్తది?" అన్నాడు.

మర్నాడు పొద్దున అందరూ మా ఇంటి ముందు చేరినప్పుడు నేను ఇక ఆగలేకపోయాను.

"మీరంత కలిసి మా బాపును గుడ్డోణ్ణి చేస్తాండ్రు" అన్నాను. "షుగర్ దిగకపోతె ఆపరేషన్ లేదన్నది డాక్టరమ్మ. ఉన్న గీ కొంచెం చూపు గూడ పోతాంది. మీరు పోసే ఒక్కొక్క చాయ్ గిలాసకు ఇంతింత పోతాంది. మీకు నూరేండ్ల ఆయుష్షు గావాలె, మా బాపు గోడలు తడుముకుంట తిరగాలె. గంతేనా?"

అంత మంది పెద్దవాళ్ళ ముందు అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. బాపు తల దించుకున్నాడు. మామ తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. అవ్వ నోరు తెరిచింది.

"తప్పు మనదే" అంది. "చావింట్ల మంచినీళ్ళు గూడ ముట్టద్దు. మనం చాయ్‌లు తాగినం. జిలేబీ తిన్నం. గిదేమన్న పద్ధతేనా?"

షుగర్ గురించి నేను చెప్పింది ఎవరి చెవికీ ఎక్కలేదు గానీ ఇది మాత్రం అందరికీ బల్లెంలా గుచ్చుకుంది. పద్ధతి తప్పామని నిజంగా సిగ్గుపడ్డారు. ఆ రోజు నుంచి చావింటి కట్టుబాట్లన్నీ అమల్లోకి వచ్చాయి. వంతు వచ్చినవాళ్ళింట్లో ఎవరైనా చాయ్ అంటే మిగతావాళ్ళు వాళ్ళను కళ్ళెర్రజేసి చూసేవాళ్ళు. ఒకాయన బతిమాలుకున్నాడు కూడా. "అరె, నేను సావలేదు గదనే, ఒక్క గుటక తాగుండ్రి." మామ ఆయనను కసిరాడు. "నువ్వు సచ్చినవ్. మాట్లాడకు."

చావింటికి పోయి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కకూడదు. అందుకని బాపు రాగానే అమ్మ గడప బయట చెంబుతో నీళ్ళు పోసి, వేళ్ళ సందులు కూడా రుద్ది కడిగేది. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా జరగనిది అవ్వ ఒక్క మాటతో జరిగింది. ఇక మైలలో ఉన్నవాడు దేవుడి ప్రసాదం ముట్టకూడదు. రోజూ చావింటికి పోతున్నాడు కాబట్టి మా బాపు రోజూ మైలలోనే ఉన్నాడు. బంగారం ముద్ద దగ్గరికి పోతుంటే అమ్మ ఒక్క కేక వేసేది. బాపు చెయ్యి వెనక్కు వచ్చేది. ఏ శాస్త్రంలో రాసి ఉందో తెలియదు గానీ, బతికున్నవాళ్ళ చావుకు మైల అంటుతుందని మా ఇంట్లో అందరూ నమ్మారు. కొన్నాళ్ళకు నేనూ నమ్మాను.

షుగర్ దిగింది. ఒక్కసారిగా కాదు, మెల్లగా, మొండికేస్తూ దిగింది. డాక్టరమ్మ కాగితం చూసి సంతోషపడింది. "ఏం చేశారు?" అని అడిగింది. "పరామర్శలకు పోయినం మేడం" అన్నాడు బాపు. ఆమె ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చింది.

కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు బాపును చూడాలి. దవాఖాన గోడకున్న లేతాకుపచ్చ రంగును చేత్తో తాకాడు. ఆటోలో వస్తూ దుకాణాల బోర్డులన్నీ పైకి చదివాడు. ఇంటికి వచ్చాక పాత జంపఖానా ఒకటి తీయించి, ఎండలో పరచి, అందులో ఒక నీలం పోగు తప్పు పడిందని పట్టుకున్నాడు. అది నేసింది మామ. కబురు పంపించి పిలిపించి మరీ చూపించాడు. నా వైపు తిరిగి "నీ నెత్తి తెల్లవడ్డదేందే?" అన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఇంత సుఖంగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఎడమకన్ను మిగిలే ఉంది. షుగర్ ఇట్లాగే ఉంచుకుని వస్తే దానికీ చేస్తానని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత మళ్ళీ నడవమంది. విశ్రాంతి రోజులు అయిపోయాయి. నేను పొద్దున్నే పోయేసరికి బాపు మంచం మీద చాయ్ తాగుతున్నాడు. చక్కెర వేసిన చాయ్.

"లే బాపూ, పోదాం."

"ఏడికి?"

ఆ ప్రశ్న నా సొంత బాపు నోటి నుంచి వింటానని నేననుకోలేదు.

"రెండో కన్ను ఉన్నది గద."

"ఒక్క కన్ను సాలు. ఈ లోకంల రెండు కండ్లతోటి సూడవలసినంత ఏమున్నది?" అన్నాడు. "నేసుడైపోయి జంపఖానా కోసి కింద పెట్టినంక మల్ల ఎవడన్న మగ్గం తొక్కుతడా? పనైపోయింది. ఇగ నువ్వు ఫికర్ వెట్టుకోకు."

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మైల పోయింది కాబట్టి బంగారం ముద్ద మీదికి మళ్ళీ చెయ్యి పోయింది. మామా వాళ్ళూ కొన్నాళ్ళు గుమ్మం దాకా వచ్చి, పిలిచి, వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. నేను బతిమాలాను, తిట్టాను, ఒకరోజు చాయ్ గిలాస లాక్కుని మోరీలో పారబోశాను. బాపు ఇంకో చాయ్ అడిగాడు. నాకు భయమేసింది. వచ్చిన కన్ను కూడా ఈ చక్కెరతో పాడవుతుందేమో, రెండోది ఎప్పటికీ రాదేమో అని భయం. ఇన్నాళ్ళు ఇంతమంది చచ్చి సాధించింది ఒక్క నెలలో పోతుందా? మామ దగ్గరికి పోయి ఏడ్చాను. ఆయన అంతా విని, "సరె, నువ్వు ఇంటికి పో" అన్నాడు.

మర్నాడు పొద్దున బాపు మంచం మీద ఉన్నాడు. చేతిలో గిలాస. అమ్మ గోడవార కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మామ, అవ్వ, మిగతావాళ్ళు అందరూ వచ్చారు. చెప్పులు బయట విడిచి, తలలు వంచుకుని, మాట లేకుండా లోపలికి వచ్చి కింద కూర్చున్నారు.

"రాండ్రి, రాండ్రి" అన్నాడు బాపు. "చాయ్ తాగుతరా?"

ఎవరూ పలకలేదు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. మామ గొంతు సవరించుకుని అమ్మను అడిగాడు. "ఎట్ల జరిగింది చెల్లె?"

బాపుకు అప్పుడు అర్థమైంది. పెద్దగా నవ్వాడు. "ఓహో, ఇయ్యాల నా వంతా? కానియ్యుండ్రి, కానియ్యుండ్రి" అని మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.

అమ్మకు ఎవరూ ముందు చెప్పలేదు. నాకూ తెలియదు. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. మామను చూసింది, మంచాన్ని చూసింది. ఈ ఆటలో ఎప్పుడూ వేలు పెట్టని మనిషి, లేచి తిడుతుందనుకున్నాను. కాయ పళ్ళెంలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏం జెప్పాలె అన్నా" అంది. "మంచిగనే ఉండె. కన్ను గూడ వచ్చె. కన్ను వచ్చినంక మంచం దిగలె. చాయ్ గిలాస, బెల్లం ముద్ద. గంతే."

ఎవరో దగ్గినట్టు నవ్వు ఆపుకున్నారు. బాపు కూడా నవ్వుతున్నాడు.

"మొండోడు" అంది అవ్వ, కళ్ళు ఒత్తుకుంటూ.

"ఒక్క కన్ను సాలన్నడు అవ్వా" అంది అమ్మ. "కండ్లు లేనన్ని దినాలు అన్నం ముద్ద ఏడున్నదో, నీళ్ళ చెంబు ఏడున్నదో నేనే చెప్పిన. కాళ్ళు కడిగిన. కన్ను వచ్చింది. దవాఖాన గోడ చూసిండట, మంచిగున్నదట. దుకాండ్లు చూసిండు. ఎప్పటిదో జంపఖానా చూసిండు, అండ్ల తప్పు గూడ చూసిండు. బిడ్డ నెత్తి చూసిండు. నా దిక్కు..."

అక్కడ ఆగిపోయింది. అందరూ నటన అనుకున్నారు. నేనూ అనుకున్నాను. తర్వాత ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. మామ తల ఇంకా కిందికి దించాడు.

"నేనున్నగదనే" అన్నాడు బాపు.

ఎవరూ సమాధానం ఇవ్వలేదు. ఆయన నవ్వు పోయింది. గిలాస కింద పెట్టి, మంచం దిగి, వంగి, అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. కొంగు మెల్లగా పక్కకు జరిపాడు. ఇంతమంది ముందు ఆయన ఆమెను ముట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. కుడికన్ను దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తల ఇటు తిప్పి, అటు తిప్పి, బాగుపడని ఎడమకంటితోనూ చూడబోయాడు.

"నువ్వెప్పుడు గింత బక్కగైనవే?" అన్నాడు.

"సచ్చినోనికి నా ముచ్చటెందుకు" అంది అమ్మ.

బాపు ఆమె మీది నుంచి చూపు తిప్పకుండానే నన్ను అడిగాడు. "రెండో కన్నుకు ఎప్పుడు రమ్మన్నది బిడ్డా, డాక్టరమ్మ?"

"షుగర్ దిగినంక" అన్నాను.

బాపు లేచి చెప్పులేసుకున్నాడు.